కాయిలు కోసం చిత్తూరు దాకా

తిరుపతి వెళ్ళి వచ్చినవాళ్ళను మా అనకాపల్లిలో మొదట అడిగేది దర్శనానికి ఎంతసేపు పట్టిందని. నన్నూ అడిగారు. దర్శనం క్షణంలో అయిపోయింది, దారిలో ఆగిపోవడానికే మూడు రోజులు పట్టింది అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. జుట్టుతో పాటు మతి కూడా కొండ మీదే ఇచ్చి వచ్చానేమోనని మా ఆవిడకు అనుమానం. అందుకని ఆ మూడు రోజుల సంగతి, అటువైపు వెళ్ళనివాళ్ళ కోసం, కూర్చుని రాస్తున్నాను. ఇందులో కొండలూ చింతచెట్లూ సంగటీ ఉన్నాయి గానీ అసలు సంగతి ఒక కాయిలుది. కాయిలంటే మోటారు సైకిలుకు నిప్పురవ్వ పుట్టించే గుప్పెడంత డబ్బా. అలాంటిది ఒకటుంటుందని అప్పటిదాకా నాకూ తెలియదు.

తిరుపతి

మా ఆవిడకు విషజ్వరం తగ్గితే తల ఇస్తానని మొక్కుకున్నాను. తగ్గింది, ఇచ్చాను. గుండుకు గంధం రాసుకుని, వడ ప్రసాదం మూట పట్టుకుని కొండ దిగేసరికి కింద చెంగల్రాయుడు నా కోసం ఎదురుచూస్తున్నాడు.

చెంగల్రాయుడిది చిత్తూరు జిల్లాలోనే ఐరాల అనే ఊరు. యుద్ధం రోజుల్లో మిలిటరీ లారీ డ్రైవరుగా మా వైపు వచ్చి, మలేరియాతో పడిపోతే మా వీధి అరుగు మీద పదిహేను రోజులు ఉన్నాడు. మా ఆవిడ గంజి కాచి పోసింది. ఆ గంజిని అతను ఇప్పటికీ మరిచిపోలేదు. తిరుపతి వస్తే తన ఇంటికి రాకుండా పోవడానికి వీల్లేదని ఏడాదిగా ఉత్తరాలు రాస్తున్నాడు. మా వైపు నన్ను పంతులుగారూ అంటారు, ఇక్కడ బడిలో చెప్పేవాణ్ణి అయ్యవారూ అంటారు. ఆ పిలుపు నాకు ఎందుకో ఒక మెట్టు ఎక్కినట్టుగా అనిపించింది.

అతని పక్కన మోటారు సైకిలు ఉంది. యుద్ధం అయిపోయాక మద్రాసులో వేలం వేసిన మిలిటరీ బండి. దానికి పుట్టుకతో ఉన్న ఏర్పాటేదో కాలిపోతే ఒక మద్రాసు మేస్త్రీ ఆరు వోల్టుల బ్యాటరీ, ఒక కారు కాయిలు తగిలించి ఇచ్చాడట. ఆ కాయిలు పెట్రోలు ట్యాంకు కింద, ఇత్తడి పట్టీలో బిగించి, అందరికీ కనబడుతూ ఉంది. బండి అంతా పసుపూ కుంకుమా. ముందు దీపానికి, హ్యాండిలుకి, ట్యాంకుకి, చివరికి ఆ కాయిలు నెత్తిన కూడా బొట్టు ఉంది. పెళ్ళికూతురిలా ఉందయ్యా నీ బండి అన్నాను. ప్రతి శుక్రవారం తన భార్య చేస్తుందని చెప్పి అతను తల దించుకున్నాడు.

ఆ పెళ్ళికూతురికి ఒక తెగులుంది. ఆరేడు మైళ్ళు పోతుంది, ఆగిపోతుంది. అరగంట ఊరుకుంటే తనంతట తనే బాగుపడి మళ్ళీ పోతుంది. కాయిలు వేడెక్కి చచ్చిపోతోందని చెంగల్రాయుడు తేల్చాడు. అందుకని నన్ను ఎక్కించుకునే ముందు కొత్త కాయిలు చూద్దామని ఒక దుకాణానికి తీసుకుపోయాడు. కొయ్యబొమ్మలకూ గాజులకూ మధ్య టైర్లు వేలాడదీసిన దుకాణం అది.

దుకాణదారు అట్టపెట్టెలోంచి ఒక కాయిలు తీసి, తమలపాకులు అందించినంత మర్యాదగా అందించాడు. చెంగల్రాయుడు దాన్ని ఎంచిన తీరు చూడాల్సిందే. తూకం చూశాడు. చెవి దగ్గర పెట్టి ఊపాడు. వాసన చూశాడు. లోపల కాలిందైతే తారు కంపు కొడుతుందట. చివరికి అడుగున చెక్కిన అంకె చదివి బల్ల మీద పెట్టేశాడు. అది పన్నెండు వోల్టులది. ఆరు వోల్టుల బ్యాటరీతో దానికి రవ్వ చాలదు. అంకెలదేముంది అప్పా, పోను పోను సర్దుకుంటుందని దుకాణదారు అన్నాడు. పెళ్ళి సంబంధాల్లో మా పెద్దలు అనే మాటా అదే కాబట్టి నాకు నవ్వొచ్చింది. అతను మంచివాడే, బేరం పోయినా సలహా ఇచ్చాడు: చిత్తూరులో దొరసామి అనే లారీ మేస్త్రీ దగ్గర పాత కాయిళ్లు ఉంటాయి, అందాకా తడిగుడ్డ ఇంకా బాగా చుట్టుకోండి. తడిగుడ్డ అప్పటికే ఉంది. దానిపైన నా కొత్త తువాలు చింపి ఇంకో చుట్టు చుట్టాం.

చంద్రగిరి

చంద్రగిరి దాటీ దాటకముందే బండి ఆగింది. నిప్పు మీద నీళ్ళు పోసినట్టు హోరు అణిగిపోయింది. ఆ తర్వాత ఒక్కొక్క చప్పుడే చెవికి అందడం మొదలైంది. ముందు గువ్వలు, తర్వాత ఎక్కడో ఎద్దులతో నీళ్ళు తోడే కపిల బావి గిరక, ఆ తర్వాత చింతాకు రాలే చప్పుడు. కోట మీద ఎండ మెత్తగా ఉంది. కొండలు నీలంగా, ఒకదాని వెనక ఒకటి, పలచబడుతూ పోయి చివరిది కొండో మబ్బో తెలియకుండా ఉంది. ముప్పై ఏళ్ళుగా గంట కొడితే లేచి గంట కొడితే కూర్చున్నవాణ్ణి, కారణం లేకుండా ఒక చోట ఆగడం నాకు తెలియదు. కాయిలు చల్లారేదాకా మనం చేసేది ఏమీ లేదు అని చెంగల్రాయుడు అన్నప్పుడు నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. లోలోపల ఆ కాయిలుకు దండం పెట్టుకున్నాను.

ఇక్కడివాళ్ళకు ఒక అలవాటుంది. గుండుతో గంధంతో మనిషి కనబడితే ప్రసాదం అడుగుతారు. మొహమాటం లేదు, అది వాళ్ళ హక్కు. గొర్రెలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన వచ్చి చెయ్యి చాచాడు. వడలో సగం తుంచి ఇచ్చాను. కళ్ళకద్దుకుని తిని, తన కండువాలోంచి రెండు సీతాఫలాలు తీసి ఇచ్చాడు. డబ్బులివ్వబోతే, కొండ దిగినోళ్ళ దగ్గర తీసుకుంటే కడుపు నొస్తాది అన్నాడు. ఆ తర్వాత ఇద్దరు ఆడవాళ్ళు, ఒక బండివాడు వచ్చారు. బండి లేచేసరికి మా ఇంటికి తీసుకుపోదామనుకున్న నాలుగు వడల్లో రెండు అయిపోయాయి.

పాకాల

పాకాల దగ్గర మళ్ళీ ఆగింది. జంక్షను కాబట్టి ఇక్కడ రైళ్ళు కూడా ఆగి నీళ్ళు తాగుతాయి, మనం ఆగినా ఎవరూ వింతగా చూడరు. స్టేషను బయట హోటల్లో అణాకు మంచి కాఫీ ఇచ్చారు. మా వైపు కాఫీ అంటే వేడి పాలలో కాస్త రంగు. ఇక్కడిది అరవదేశం గాలి సోకిన కాఫీ. ఒక గుక్కకే కళ్ళు విచ్చుకున్నాయి.

చెంగల్రాయుడు కాఫీ ముట్టలేదు. తడిగుడ్డ మీద చెంబుతో నీళ్ళు చిలకరించి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఈ బండి మీద నీకింత మోజేమిటయ్యా, అమ్మెయ్యరాదా అని మాటవరసకు అన్నాను. అతను పట్టాల వైపు చూస్తూ చెప్పాడు.

భార్య పేరు కుప్పమ్మ. ఆమె తల్లికి పెద్దకూతురి తర్వాత పుట్టిన ముగ్గురు పిల్లలూ పోతే, ఈమె పుట్టగానే బతకాలని పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసి ఆ పేరు పెట్టారు. ఆ మాట వినగానే నేను ఉలిక్కిపడ్డాను, మా వైపు పెంటమ్మలూ పెంటయ్యలూ ఇలాగే పుడతారు. ఐదువందల మైళ్ళ దూరంలో అదే భయం, అదే ఉపాయం. కుప్పమ్మకు మొదటి బిడ్డ పుట్టి తొమ్మిదో రోజున పోయింది. ఆమె మేపిన ఆవు వట్టిపోయింది. పోయిన వానాకాలం సరదాగా ఈ బండి ఎక్కి పాకాల వచ్చింది. అంతకుముందెప్పుడూ ఆగని బండి ఆ రోజు మూడుసార్లు ఆగింది. అప్పటినుంచి ఆమె బండి ఎక్కలేదు. తన చేతిలోనే ఏదో ఉందని, తను ముట్టింది ఏదీ నిలవదని గట్టిగా నమ్మింది. బండికి మాత్రం తప్పు కాయమని శుక్రవారం శుక్రవారం ఇంకా ఎక్కువ పూజ చేస్తోంది.

"ఇప్పుడు ఆరో నెల అయ్యవారూ," అన్నాడు. "సత్యవేడులో వాళ్ళక్క ఉండాది. బిడ్డ పుట్టంగానే వచ్చి ఎత్తుకోని పొమ్మని ఈమే మాట్లాడేసింది. నేను ముట్టను, నా చేతికి ఇయ్యొద్దు అంటాది. ఎంత చెప్పినా వినలే. ఈ బండి నిలబడకుండా తిరిగితే, అప్పుడు వింటాదేమో."

అంతవరకూ ఆ కాయిలు చెడిపోయి ఉండడమే నాకు సుఖంగా ఉంది. ఆ మాట విన్నాక సిగ్గేసింది. పాకాలలో ఆగిన మిగతా సమయమంతా నేను కొండలను చూడలేదు, కాయిలునే చూశాను.

ఐరాల

ఊరు చేరేసరికి సాయంత్రం అయింది. చెరుకు తోటల మీదుగా గానుగల పొగ, బెల్లం కాగే వాసన. అనకాపల్లివాడికి ఆ వాసన సొంత ఇంటి గుమ్మం లాంటిది. కుప్పమ్మ సన్నగా, పొడుగ్గా, కళ్ళల్లో నవ్వు దాచుకున్న మనిషి. నా గుండు చూసి దండం పెట్టింది. మూడో వడ ఆమెకిచ్చాను, కొంగు పట్టి తీసుకుంది.

రాగి సంగటి, చెనిక్కాయల ఊరిమిండి, అంటే మన వేరుశనగ పచ్చడి, అలసందల పులుసు పెట్టింది. సంగటిని నేను నమిలాను. నమలకూడదట, పులుసులో ముంచి మింగాలట. భార్యాభర్తలిద్దరూ నవ్వారు, నేనూ నవ్వాను, పొలమారింది. ఆ వేడి ముద్దల్ని చుట్టుపక్కల ఆడవాళ్ళు తడి చేత్తో చేస్తారని చెంగల్రాయుడు చెప్పాడు. కుప్పమ్మ మాత్రం చేత్తో ముట్టకుండా గిన్నెలో తిప్పి తిప్పి గుండ్రంగా చేసి వేసింది.

పొద్దున మేం చిత్తూరు బయలుదేరుతుంటే ఆమె స్నానం చేసి పసుపు గిన్నెతో వచ్చింది. గురువారమైనా పనిమీద పోతున్నాం కదా అని బండికి మళ్ళీ పసుపు పూసింది. హ్యాండిలుకి, దీపానికి, వంగి కాయిలుకి పూసి, కుంకుమ పెట్టి, చెంబులో నీళ్ళు మూడుసార్లు చల్లింది. ఎంత శ్రద్ధగా చేసిందంటే, నేను చెప్పులు విడిచి నిలబడ్డాను. అంతా అయ్యాక నా వైపు తిరిగింది.

"మీరు అబద్ధం చెప్పరని ఆయన అంటా ఉంటాడు. వచ్చేటప్పుడు కాణిపాకం మీదగానే గదా వస్తారు. బండికి ఏం తెగులో, ఉన్నది ఉన్నట్ల నాకు చెప్పాల."

కాణిపాకం సంగతి తెలియనివాళ్ళకు చెబుతాను. అక్కడి వినాయకుడి ముందు తలస్నానం చేసి తడిబట్టలతో ప్రమాణం చేస్తారు. ఈ చుట్టుపక్కల తగవులు కోర్టుకన్నా ముందు అక్కడికి పోతాయి. ఆ ఊరు దాటి వచ్చినవాళ్ళను సూటిగా అడిగితే అబద్ధం చెప్పకూడదని ఇక్కడివాళ్ళ పట్టుదల. చెబుతానమ్మా అన్నాను.

చిత్తూరు

ఐరాల పొలిమేరలోనే బండి ఆగింది. తర్వాత రెండుచోట్ల ఆగింది. మధ్యాహ్నానికి చిత్తూరు చేరాం. బెల్లం మండీ ముందు నుంచి పోతూ ఒక పలుకు రుచి చూశాను. మా ఊరి బెల్లం దిమ్మలు చూసి పెరిగినవాణ్ణి, ఇక్కడి ఉండలు చూసి పెదవి విరుద్దామనుకున్నాను. విరవలేకపోయాను. ఈ సంగతి మా ఊళ్ళో ఎవరితోనూ అనకండి.

దొరసామి మేస్త్రీ కొట్టం మండీ వెనక ఉంది. అరవై దాటిన మనిషి, మాట తక్కువ. మా కథ విని, ఇనపసామాను కుప్పలోంచి రెండు లారీ కాయిళ్లు తెచ్చి మా కాయిలు పక్కన పెట్టాడు. మూడింటినీ మా బ్యాటరీకి తగిలించి, మందపాటి తీగ కొసను ఇంజను ఇనుము దగ్గర పెట్టి రవ్వ చూశాడు. రెండోది మొదటినుంచీ నీరసం. మొదటిదీ మాదీ బాగానే ఉన్నాయి. చెంగల్రాయుడు మొదటిది తీసుకోబోతే మేస్త్రీ వద్దన్నాడు. "సల్లగా ఉన్నప్పుడు అన్నీ మంచివే అప్పా. వేడి పెట్టి సూడాల."

వేడి పెట్టే విధానం ఇది. కొట్టం ఎదురుగా ఒక అవ్వ మూకుట్లో ఇసుక పోసి చెనిక్కాయలు వేయిస్తూ ఉంటుంది. మేస్త్రీ కాయిళ్లన్నీ ఆ ఇసుకలోనే కాగాలి. మరీ కాగితే లోపలి తారు కరిగి కాయిలు పోతుంది, కాగకపోతే దాని గుట్టు బయటపడదు. ఆ లెక్క తెలిసింది అవ్వకే. ఆమె కట్టెలు వెనక్కి లాగి, అరచెయ్యి ఇసుకలో పెట్టి నాలుగు లెక్కపెట్టి, ఇప్పుడు పెట్టుకో అంది. తన ఇసుకకు ఇనుము కంపు పట్టిస్తారని గొణుగుతూనే ఉంది. ఆ గొణుగుడు ఆగడానికి నేను రెండు శేర్ల చెనిక్కాయలు కొన్నాను. అవి మూడు రోజులు తిన్నాను.

కాయిళ్లు ఇసుకలో సగం దాకా కూరుకుని కూర్చున్నాయి. మేం ముగ్గురం, అవ్వతో నలుగురం, వాటి చుట్టూ కూర్చున్నాం. మధ్యాహ్నం ఎండ చింత కొమ్మల్లోంచి జల్లులా పడుతోంది. చెనిక్కాయల వాసన, మండీలో ఎద్దుల మెడగంటలు, నిద్ర లాంటి ఒక నిశ్శబ్దం. బోర్లించిన గిన్నె కింద ఏముందో తెలియక కూర్చున్నట్టు కూర్చున్నాను. ఆ గిన్నె కింద ఉన్నది ఒక పుట్టబోయే బిడ్డ.

కాగిన లారీ కాయిలు ముందు ఎర్రటి రవ్వ ఇచ్చి, తర్వాత అదీ మానేసింది. మా కాయిలు మాత్రం నీలంగా, దిట్టంగా, టక్కుమని రవ్వ ఇచ్చింది. పదిసార్లు చూస్తే పదిసార్లూ ఇచ్చింది. ఇంత మంచిది పెట్టుకుని ఇంకోటి కావాలని వచ్చావేమప్పా అన్నట్టు మేస్త్రీ మా వైపు చూశాడు. తర్వాత దాన్ని వెలుతురులో తిప్పి చూశాడు. నెత్తిన, తీగ దిగే చోట, పసుపు పొరలు పొరలుగా పేరుకుని ఇసుక వేడికి ఎండి బీటలు వారింది. గోటితో గీకాడు. కొట్టం లోపల చీకటిగా ఉన్న మూలకు తీసుకుపోయి, ఆ పసుపు మీద నాలుగు చుక్కల నీళ్ళు వేసి మళ్ళీ రవ్వ తెప్పించాడు. తీగ కొసన ఏమీ రాలేదు. కాయిలు నెత్తిన తడి పసుపు మీద సన్నటి నీలం దారం ఒకటి పాకి, ఇత్తడి పట్టీలోకి దిగిపోయింది. మూడు పూటలుగా నేను చూసిన కొండల రంగే దానిదీ.

"నిప్పు దాని దారిన పోకుండా ఈ తడి మీద పాకిపోతా ఉండాది," అన్నాడు మేస్త్రీ. "ఆరితే పోతాది బండి. మీరు వేడి అనుకోని మళ్ళా తడిగుడ్డ చుడతారు."

చెంగల్రాయుడు బయటికి పోయి రోడ్డు మీద నిలబడ్డాడు. నేను వెనకే వెళ్ళాను. అతని కళ్ళల్లో నీళ్ళున్నాయి. కుప్పమ్మ పసుపు పూసిన చోటే తెగులు. ఇది తెలిస్తే తన చెయ్యి చెడ్డదన్నది రుజువైందనుకుంటుంది, ఇక బిడ్డను తాకదు అన్నాడు. పసుపు మానెయ్యమని చెప్పినా ఎందుకని అడగకుండా ఊరుకోదు.

ఉపాయం చెప్పింది నేనే. అబద్ధమాడిన పిల్లల అరచేతులు బెత్తంతో వాయించే ఈ అయ్యవారే. అసలు కాయిలును తుడిచి సీటు కింద దాచుదాం, పాత చోట ఒక చచ్చిన కాయిలు బిగిద్దాం, ఆమె దానికి ఎంతైనా పసుపు పూసుకోనీ అన్నాను. చెంగల్రాయుడు నా చేతులు పట్టుకున్నాడు. మేస్త్రీ మంచిదనలేదు, చెడ్డదనలేదు. అసలు కాయిలు నెత్తికి సైకిలు ట్యూబు ముక్క తొడిగి సీటు కింద బిగించాడు.

ఆ తర్వాత మేం చచ్చిన కాయిలును ఎంచుకున్నాం. తిరుపతిలో వాసన చూసి, ఊపి, అంకె చదివిన మనిషి ఇప్పుడు కుప్పంతా తిరగేసి అందమొక్కటే చూశాడు. గాజుల దుకాణంలో పెళ్ళానికి గాజులు ఎంచేవాడి ముఖంలా ఉంది అతని ముఖం. నల్లగా నున్నగా ఉన్నది ఒకటి దొరికితే, దాని పట్టీని చింతపండుతో తానే తోమాడు.

కాణిపాకం

శుక్రవారం పొద్దున బయలుదేరాం. బండి ఆగలేదు. చిత్తూరు పోయేటప్పుడు ఆగిన చోట్లన్నీ, కల్వర్టు, వేపచెట్టు, ఒక ముసలమ్మ గుడిసె, పలకరించే తీరిక లేకుండా వెనక్కి పోయాయి. కాణిపాకం దగ్గర తడిబట్టలతో ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ళ చుట్టూ ఊరి పెద్దలు గుడి వైపు నడుస్తున్నారు. చెంగల్రాయుడు బండి నెమ్మది చెయ్యలేదు. ఇక్కడొక్కచోట ఆగిపోతే బాగుండునని నేను అనుకున్నాను. ఆగలేదు. నేను కండువా తల మీదికి లాక్కున్నాను.

మళ్ళీ ఐరాల

కుప్పమ్మ స్నానం చేసి, పసుపు గిన్నె పట్టుకుని గుమ్మంలోనే ఉంది. ఆగిందా అని అడిగింది. ఒక్కసారి కూడా ఆగలేదు, కొత్త కాయిలు వేశామని చెంగల్రాయుడు చెప్పాడు. ఆమె ముఖం విచ్చుకుంది. వంగి, ఎడమ అరచెయ్యి కాయిలు మీద ఆనించి, కుడి చేతి వేళ్ళు పసుపులో ముంచి, అలాగే ఆగిపోయింది.

"ఇది సల్లగా ఉండాది," అంది.

బండి తిరిగి వచ్చినప్పుడల్లా కాయిలు వెచ్చగా ఉంటుందని, ఆర్నెల్లుగా ఆ వెచ్చదనం తన అరచేతికి తెలుసునని ఆమె చెప్పలేదు. చెప్పనక్కర లేకపోయింది. మొగుణ్ణి అడగలేదు. నా వైపు తిరిగింది.

"కాణిపాకం మీదగానే గదా వచ్చినారు, అయ్యవారూ."

చెప్పేశాను. సీటు కింద దాచిన కాయిలు, పసుపు, నీలం దారం, తడిగుడ్డ, ఉపాయం నాదేనని, అన్నీ చెప్పాను. చెబుతున్నంతసేపూ చెంగల్రాయుడు నేల చూస్తున్నాడు. ఆమె గిన్నె గట్టు మీద పెట్టి ఒక్క మాట అడిగింది.

"అయితే నేను పూసినందుకా, ఎవురు పూసినా నిలబడిపోతాదా?"

ఎవరు పూసినా అంతేనమ్మా అన్నాను. ఆమె నమ్మలేదు. చూపించమంది. చెంగల్రాయుడు సీటు కింది కాయిలుకు ట్యూబు ముక్క తీసి, తన చేత్తో తడి పసుపు పూసి కిక్కు కొట్టాడు. ఎన్నిసార్లు కొట్టినా లేవలేదు. తుడిచి ఆరబెట్టి కొట్టాడు, లేచింది. ఆమె ఇంకా చూస్తూనే ఉంది. పెళ్ళాం కోసం ఏమైనా చేసేవాడి చెయ్యిని ఆమె సాక్ష్యంగా ఒప్పుకోలేదని నాకు అర్థమైంది. బండి ఆపించి, పసుపు గిన్నె నా ముందు పెట్టింది. నేను పూశాను. పది కిక్కులకు కూడా బండి కదలలేదు.

కుప్పమ్మ నా గుండు వైపు, నా పసుపు చేతి వైపు చూసింది. ముందు పెదవుల దగ్గర, తర్వాత భుజాల్లో, తర్వాత మనిషంతా నవ్వు. గోడ పట్టుకుని కూర్చుండిపోయి నవ్వింది.

"కొండ దిగొచ్చిన చెయ్యి పూసినా నిలబడిపోయె," అంది.

నవ్వు ఏడుపులోకి తిరిగి, మళ్ళీ నవ్వులోకి వచ్చింది. ఎన్నాళ్ళుగా అది ఆమె లోపల ఉందో. మొగుడు దగ్గరికి పోబోతే చేత్తో వద్దని సైగ చేసి లేచింది. కొంగు చివర వేలికి చుట్టుకుని, కాయిలు నెత్తిన సందు సందునా ఒత్తి తుడిచింది. నోటితో ఊదింది. మళ్ళీ తుడిచింది. అప్పుడు, కొట్టు అంది. మొదటి కిక్కుకే బండి లేచింది. మేం కోళ్ళు కూడా బెదిరేటంత గట్టిగా నవ్వాం. కాసేపటికి ఆమె వెనక సీటు మీద ఒక పక్కకు కూర్చుంది. చెరుకు తోటల దాకా నెమ్మదిగా పోయి వస్తామని చెప్పి వెళ్ళారు. నేను గట్టు మీద కూర్చుని చివరి వడ తిన్నాను. ఇంటికి ఒక్కటీ మిగల్లేదు, మా ఆవిడ క్షమించాలి.

అనకాపల్లి

బయలుదేరే రోజు చచ్చిన కాయిలును నాకిచ్చేశారు. ఇప్పుడు కాగితాలు ఎగిరిపోకుండా నా బల్ల మీద ఉంటుంది. దాని పట్టీ మీద ఆ రోజు అంటిన పసుపు వేలిముద్ర ఒకటి ఇంకా పోలేదు, అది మా ముగ్గురిలో ఎవరిదో తెలియదు.

నిన్న ఉత్తరం వచ్చింది. ఆడపిల్ల. సత్యవేడు నుంచి వాళ్ళక్క వచ్చి, పదిరోజులుండి, ఒట్టి చేతులతో తిరిగి వెళ్ళిపోయిందట. బండి బాగానే తిరుగుతోంది. కుప్పమ్మ బొట్లన్నీ ఇప్పుడు ముందు దీపానికే పెడుతోంది. కుప్పమ్మ పొద్దుగూకులూ బిడ్డను దించడం లేదని, ఎవరి చేతికీ ఇవ్వడం లేదని, అయ్యవారి మాటంటే ఆమెకు గురి కాబట్టి రోజుకు కనీసం పది నిమిషాలైనా తననూ ఎత్తుకోనిమ్మని ఆమెకు నేను ఒక ఉత్తరం రాయాలని చెంగల్రాయుడు ప్రాధేయపడ్డాడు.